చవక కత్తిలో సరుకెంత: విశాఖ బజార్లో చూసి కొనే పద్ధతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళింది. మర్నాడు పొద్దున లేచేసరికి మా వీధి కనిపించలేదు, అంతా కొమ్మలే. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎవరింట్లో ఉన్న కత్తి వాళ్ళు పట్టుకుని బయటికొచ్చాం. నా దగ్గర అంతకుముందు ఎగ్జిబిషన్‌లో కొన్న పెద్ద కత్తి ఒకటి ఉంది. నల్ల రంగు, వీపు మీద రంపం పళ్ళు, పిడికి నైలాన్ తాడు. చూస్తే సినిమాలో విలన్ చేతిలోంచి ఊడి పడ్డట్టుండేది. నాలుగో దెబ్బకి అంచు మడతపడింది. పదో దెబ్బకి పిడి నా చేతిలో మిగిలింది, కత్తి కాలవలో పడింది. పక్కింటి మాస్టారు అనకాపల్లి వైపు కమ్మరితో చేయించుకున్న పాత కత్తి తెచ్చారు. లారీ కమాను పట్టీ నుంచి తీసిన ముక్క, తుమ్మకర్ర పిడి. మధ్యాహ్నానికి దారి తెరుచుకుంది. ఆయన రెండుసార్లు ఆగింది అలసిపోయి కాదు, జేబులోంచి రాయి తీసి అంచు గీసుకోవడానికి.

ఆ రోజు నుంచి కత్తి కొనేటప్పుడు ఒకటే చూస్తున్నాను. ఇప్పుడు ఎంత పదునుంది అని కాదు, మొద్దుబారాక నా చేత్తో మళ్ళీ పదునెక్కుతుందా అని. రేకు ముక్కనైనా సాన చక్రం మీద పెడితే ఒక్కరోజు కాగితం కోస్తుంది. షాపువాళ్ళు చూపించేది ఆ ఒక్కరోజే.

ముందు పని తేల్చుకోండి

"మంచి కత్తి ఇవ్వండి" అని అడిగితే షాపులో ఎక్కువ మిగిలిపోయిన కత్తి ఇస్తారు. ఏం కోస్తారో మీరే చెప్పాలి. టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కోయడానికి పలచని రేకు, గట్టి అంచు కావాలి. వీపు దగ్గర ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు చాలు. కొమ్మలు కొట్టడానికి, డాబా పక్కన పెరిగిన మొక్కలు నరకడానికి రెండు, మూడు మిల్లీమీటర్ల లావున్న పొడవాటి కత్తి బాగుంటుంది. ఆన్‌లైన్‌లో దీన్నే మచెటీ అంటున్నారు. బ్రెజిల్ కంపెనీ ట్రామోంటినా లాంటివాళ్ళు చేసే మచెటీలు చాలామంది అనుకునేంత లావుగా ఉండవు, రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటాయి. పొడవు వల్ల వచ్చే వేగమే వాటి బలం. కొబ్బరి బొండాల కత్తి, మాంసం కొట్టే మచ్చుకత్తి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవి బరువుతో పనిచేస్తాయి కాబట్టి వీపు లావుగా, ముందు భాగం బరువుగా ఉండాలి.

ఒకే కత్తితో అన్నీ అయిపోవాలనుకుంటేనే డబ్బు దండగ. బొండాల కత్తితో వంకాయ కోస్తే ముక్క నలుగుతుంది. వంకాయ చాకుతో బొండాం కొడితే అంచు పెచ్చు లేస్తుంది. తప్పు కత్తిది కాదు, కొన్న మనదే.

కొనే ముందు ఒక పూట ఖర్చు పెట్టగలిగితే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు కోసే ఆడవాళ్ళ దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఆ కత్తిపీటల్లో ఏ ఒక్కదాని మీదా స్టిక్కర్ ఉండదు. పెద్ద వంజరాన్ని ముక్కలు చేసేస్తుంటారు, చెయ్యి ఆగదు. ఒకామెని కత్తి ఎక్కడ కొన్నావమ్మా అనడిగితే నవ్వింది. "కత్తిదేటుంది బాబూ, రాయి నేకపోతే ఏ కత్తైనా ఒకటే" అంది. ఆవిడ పక్కనే నీళ్ళలో నానుతున్న రాయి మధ్యలో గుంట పడి పల్లకీలా ఉంది. అలాగే బీచ్ రోడ్డులో బొండాలు కొట్టేవాళ్ళ కత్తి చూడండి, వేసవిలో ముంజెలు అమ్మేవాళ్ళ కత్తి చూడండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దానిమీదే బతికేవాళ్ళు ఏ లావు, ఏ బరువు, ఏ పిడి ఎంచుకున్నారో అదే మీకు కొలత.

షాపులో చేతికి తీసుకున్నాక

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇనుప సామాన్ల షాపులకి వెళ్ళండి. సాయంత్రం రద్దీలో కాదు, పొద్దున షాపు తెరిచిన గంటలో. అప్పుడైతే షాపాయన పది కత్తులు కింద పరిచి చూసుకోనిస్తారు. ఇది ముఖ్యం, ఎందుకంటే చవక సరుకులో ఒకే డబ్బాలోని రెండు కత్తులు ఒకలా ఉండవు. ఖరీదైన కంపెనీకి మీరు డబ్బు ఇచ్చేది ఏ ముక్క తీసినా ఒకేలా ఉంటుందన్న నమ్మకానికి. చవకలో ఆ ఏరివేత పని మీదే.

మొదట కత్తిని కంటి ఎత్తుకి ఎత్తి, పిడి వైపు నుంచి వీపు వెంబడి ఒక కన్ను మూసి చూడండి, వడ్రంగి కర్ర వంకర చూసినట్టు. రేకు ఎటైనా ఒరిగినా, మెలి తిరిగినా పక్కన పెట్టేయండి. వంకర కత్తిని రాయి మీద ఎంత గీసినా ఒక చోట అంచు తగులుతుంది, ఇంకో చోట తగలదు.

తర్వాత తిప్పి అంచు మీద వెలుతురు పడేట్టు పట్టుకోండి. నిజంగా పదునున్న అంచు కనిపించదు. ఎక్కడ తెల్లగా మెరుస్తుందో అక్కడ అంచు చదునైందని అర్థం. కొత్త కత్తికి ఒకటి రెండు మెరుపులుంటే కంగారు లేదు, రాయి మీద పోతాయి. అంచు వెంబడి నీలం, ఊదా రంగు చారలు కనిపిస్తే మాత్రం వద్దు. సాన చక్రం మీద కాల్చేశారని దానర్థం. ఉక్కు దాదాపు 300 డిగ్రీలకు చేరితే ఆ నీలం వస్తుంది. అంత వేడికి కమ్మరి పెట్టిన గట్టిదనం బాగా తగ్గిపోతుంది. ఆ చార ఉన్న చోట అంచు వారం కూడా నిలవదు.

ఇప్పుడు అంచుకి అర సెంటీమీటరు పైన రేకుని రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని చూడండి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. చవక చాకుల్లో అసలు లోపం ఉక్కు కంటే ఇక్కడే ఎక్కువ. రేకు అంతా ఒకే లావులో ఉంటుంది, చివర మాత్రం ఉలికి పెట్టినట్టు చిన్న వాలు పెడతారు. అలాంటిది కాగితం చక్కగా కోస్తుంది కానీ క్యారెట్ కోయబోతే చీలుస్తుంది, దోసకాయలో ఇరుక్కుంటుంది. వీపు నుంచి అంచు దాకా రేకు క్రమంగా సన్నబడుతూ రావాలి. వేళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. రెండు కత్తులు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

రేకు వంచి చూడటం అందరూ చేస్తారు, సగం మంది తప్పుగా చేస్తారు. రెండు చేతుల్తో విల్లులా వంచి బలప్రదర్శన చేయక్కర్లేదు. కౌంటర్ చెక్క మీద మొనని ఆనించి, పిడి పట్టుకుని పక్కకి కొద్దిగా నొక్కి వదలండి. తిరిగి తిన్నగా వచ్చేస్తే మంచిది. ఏ కాస్త వంపు మిగిలినా అది మెత్తటి రేకు. బొండాల కత్తికి ఈ పరీక్ష పనికిరాదు, అది వంగదు కూడా. దానికి చెవి పరీక్ష ఉంది. పిడి వదులుగా వేలాడేట్టు పట్టుకుని రేకుని ఇంకో ఇనుప ముక్కతో తట్టండి. గంటలా కాసేపు మోగితే సరే. టప్ మని ఆగిపోతే పిడి వదులుగా ఉండొచ్చు, రేకులో పగులుండొచ్చు. పగులున్న పెద్ద కత్తి ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. కొడుతున్నప్పుడు విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో మీరు చెప్పలేరు.

ఆకురాయి పరీక్ష ఒక్కటే ఉక్కు గురించి కాస్త నిజం చెబుతుంది. చిన్న ముక్కోణపు ఆకురాయి, అంటే ఇనుముని అరగదీసే గరుకు కడ్డీ, ఆ షాపులోనే దొరుకుతుంది. అడిగి, పిడికి ఆనుకుని ఉన్న అంచు మూల మీద, ఎవరికీ కనిపించని చోట, ఒక్కసారి తేలిగ్గా తోయండి. మంచి ఆకురాయి గట్టిదనం రాక్‌వెల్ సి లెక్కలో 60 పైన ఉంటుంది. వంటింటి చాకు 52 నుంచి 58 మధ్య ఉంటే సంతోషించాలి. అప్పుడు ఆకురాయి చాలావరకు జారుతుంది, గట్టిగా నొక్కితే కొద్దిగా పడుతుంది. సబ్బు మీద గీసినట్టు పొడి రాలిందంటే దాన్ని గట్టిపరచనే లేదు. కొట్టే కత్తులకి లెక్క వేరు, 50 చుట్టుపక్కలే ఉండాలి. ఆకురాయి పట్టాలి, కానీ బద్ధకంగా పట్టాలి. పెద్ద కత్తి మీద ఆకురాయి అసలు పట్టకుండా గాజు మీద జారినట్టు జారిపోతే కొందరు మురిసిపోతారు. నాకైతే భయం. అంత గట్టిగా ఉన్నది ముడి ఉన్న కొమ్మకి తగిలితే పెచ్చు లేస్తుంది. మెత్తటి అంచు మడతపడితే రాయి మీద సరిచేసుకోవచ్చు, లేచిన పెచ్చుని అతికించలేం.

గీసుకోవడానికి ఒప్పుకోని షాపులుంటాయి. సీల్ వేసిన ప్యాకెట్ అయితే అది న్యాయమే. విడిగా గోనెలో పోసి అమ్మే సరుకు మీద కూడా ఒప్పుకోకపోతే నేను నవ్వి బయటికొచ్చేస్తాను.

అయస్కాంతం సంగతి రెండు ముక్కల్లో. అంటుకోకపోతే కొనొద్దు, అది గిన్నెలు చేసే రకం స్టెయిన్‌లెస్, దాన్ని కాచి గట్టిపరచడం కుదరదు. అంటుకుంటే మాత్రం మంచిదని కాదు, మేకు కూడా అంటుకుంటుంది.

పిడి లోపల ఏముంది

నా హుద్‌హుద్ కత్తి పోయింది రేకు దగ్గర కాదు, పిడి దగ్గర. కాలవలోంచి తీసి చూస్తే రేకు పిడిలోకి వెళ్ళింది రెండు అంగుళాలు. ఆ తోక మూలలు కూడా చదరంగా కత్తిరించి ఉన్నాయి. దెబ్బ కొట్టిన ప్రతిసారీ బలమంతా ఆ మూల మీదే పడుతుంది. అట్టపెట్టె మడత దగ్గర చిరిగినట్టు అక్కడే చిరుగుతుంది.

కాబట్టి కొట్టే కత్తికి తోక పిడి చివరి దాకా ఉండాలి. చెక్క పిడి అయితే వీపు వైపు, కడుపు వైపు రెండు చెక్కల మధ్య ఉక్కు గీత కనిపిస్తుంది. ఆ గీత పిడి కొస దాకా వచ్చిందా చూడండి. కొన్నిటిలో సగం దాకా వచ్చి ఆగి, మిగతా సగానికి అల్యూమినియం పట్టీ అంటిస్తారు. గోరుతో గీకితే రంగు తేడా తెలుస్తుంది. రివిట్లు మూడుండాలి, చెక్కతో సమానంగా ఉండాలి. పైకి లేచిన రివిట్ మీద అరగంట పనిచేస్తే అరచేతిలో పొక్కు ఖాయం. ప్లాస్టిక్ పోత పిడిలో లోపల ఏముందో కనిపించదు, అలాంటప్పుడు తూకం చూడాలి. పిడి, రేకు కలిసే చోట వేలి మీద నిలబెట్టండి. రేకు ధన్ మని ముందుకి వాలి, పిడి గాలిలో ఈకలా లేస్తే లోపల తోక పొట్టిదని అనుమానించండి. వంటింటి చాకుకైతే పొట్టి తోకైనా పర్వాలేదు, అక్కడ దెబ్బలు పడవు. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ళ ప్లాస్టిక్ పిడి చిన్న చాకులకి తోక బయటికి కనిపించదు, అయినా ఏళ్ళ తరబడి వాడేవాళ్ళున్నారు.

గొట్టాన్ని రేకుకి వెల్డింగ్ చేసి పిడి అనిపించే కత్తులు కూడా వస్తున్నాయి. వెల్డింగ్ పక్కన ఉక్కు వేడికి పెళుసెక్కుతుంది. నేనైతే ముట్టుకోను.

మన కమ్మరి కత్తులు చాలావాటికి తోక సూదిలా పిడిలోకి దిగి ఉంటుంది, మొదట్లో ఇనుప పొన్ను ఉంటుంది. ఇది తక్కువ రకమేమీ కాదు. పిడి పగిలితే పది నిమిషాల్లో ఇంకోటి దిగ్గొట్టుకోవచ్చు. పొన్ను బిగుతుగా ఉందా, తోక కొస పిడి వెనక్కి వచ్చి మడిచి ఉందా చూసుకుంటే చాలు. చెక్కలో తుమ్మ మంచిది. బరువుగా, గట్టిగా ఉంటుంది, దెబ్బకి చీలదు. ఏటికొప్పాక బొమ్మలు చెక్కే అంకుడు కర్ర ఎంత ముద్దుగా ఉన్నా పిడికి పనికిరాదు, మరీ మెత్తన.

ఉక్కు పేరుతో చెప్పే కథలు

"మన స్టీల్‌ప్లాంట్ ఉక్కు సార్" అని ఒకాయన నాకు ఒక కత్తి చూపించాడు. ఉక్కునగరం అంటే నాకూ గర్వమే. కానీ ఇల్లు కట్టే ఉక్కు వేరు, కత్తి చేసే ఉక్కు వేరు. శ్లాబులో వేసే ఇనుప కడ్డీలో కార్బన్ 0.3 శాతం దాటకూడదని మన దేశ ప్రమాణమే చెబుతుంది. కడ్డీ వంగాలి, వెల్డింగ్‌కి లొంగాలి, అందుకు. అంత తక్కువ కార్బన్ ఉన్న ఇనుముని ఎర్రగా కాచి నీళ్ళలో ముంచినా కత్తి అంచుకి సరిపడా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో కార్బన్ అర శాతం పైన ఉంటుంది. అందుకే కమ్మరి పాత ఇనుము కొట్టుకి వెళ్ళి కమాను పట్టీ ముక్కే ఏరుకుంటాడు. అది బరువు మోసి, వంగి మళ్ళీ లేవడానికి పుట్టిన ఉక్కు. బొండాల కత్తికి కావాల్సిన గుణం కూడా అదే.

తేడా కళ్ళారా చూడాలంటే కమ్మరి గ్రైండర్ దగ్గర నిలబడి నిప్పురవ్వలు చూడండి. మెత్తటి ఇనుము నుంచి పొడుగాటి తిన్నని గీతలు లేస్తాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు మధ్యలో పువ్వుల్లా విచ్చుకుంటాయి, దీపావళి కాకరపువ్వొత్తిలా. ఒక్కసారి పక్కపక్కన చూస్తే మళ్ళీ మర్చిపోరు.

చేయించుకుంటుంటే కమ్మరితో రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. అంచు మాత్రం గట్టిపరచి వీపు మెత్తగా ఉంచమనండి. ముంచిన తర్వాత మళ్ళీ కాస్త కాచి పెళుసు తీయమనండి. అనుభవమున్నవాడు ఈ మాట వినగానే మీ మొహం కేసి ఒకసారి చూస్తాడు, ఆ తర్వాత ధర సంగతి మర్యాదగా మాట్లాడతాడు. తొందరలో ఉన్నవాడు రెండో కాపు ఎగ్గొట్టేస్తాడు. కొత్త కత్తి మొదటి వారంలో ముక్కలవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

ప్యాకెట్ మీద రాతల గురించి. "సర్జికల్ స్టీల్" అనేది ఒక ఉక్కు పేరు కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. "జర్మన్ స్టీల్" అంటే ఏ ఉక్కో చెప్పనంత వరకు దానికి అర్థం లేదు. 420 అనో, 1.4116 అనో నంబరు ముద్రించి ఉంటే కాస్త నయం, అబద్ధమైనా కనీసం పట్టుకోదగ్గ అబద్ధం. ఇక అలల్లా గీతలున్న "డమాస్కస్" చాకులు. నాలుగైదు వందలకి వచ్చేవాటిలో ఆ గీతలు లేజరుతో పైపైన గీసినవే. గరుకు కాగితంతో రుద్దితే పోతాయి. నాకు దీని మీద కోపం ఎక్కువే. డమాస్కస్ కత్తుల పేరు వెనకున్న ఉక్కుని కాచినవాళ్ళలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులూ ఉన్నారు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చారు. ఆ ఉక్కుని ఇంగ్లీషువాళ్ళు పిలిచిన వుట్జ్ అన్న పేరు కూడా మన ఉక్కు మాటకి చుట్టమే. అలాంటిది ఇప్పుడు లేజరు గీతలేసి మనకే అమ్ముతున్నారు.

పాత హాక్సా బ్లేడుతో చేసిన చిన్న చాకులు కొన్ని బజార్లలో కనిపిస్తాయి. అంచు బాగా నిలుస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ కింద పడితే పుటుక్కున విరుగుతుంది, మామూలు రాయి మీద ఓ పట్టాన అరగదు. ఓపికున్నవాళ్ళకే. రంగురంగుల పూతతో ఐదారు చాకుల సెట్ మాత్రం ఎవరికీ వద్దు. వాటిలో మీరు వాడేది ఒకటి, మిగతావి డ్రాయర్లో చోటు తింటాయి. పైగా పూత కింద ఉక్కు ఎలా ఉందో కనిపించదు, గీసినప్పుడు ఆ పూత కూరలోకే రాలుతుంది.

ఆన్‌లైన్‌లో అయితే చేత్తో చూసే అవకాశం లేదు కాబట్టి మూడు అంకెలు వెతకండి: రేకు లావు, బరువు, ఉక్కు నంబరు. మూడూ రాయకుండా "అల్ట్రా షార్ప్" అని మాత్రమే రాసినవాడి దగ్గర నేను కొనను. రివ్యూల్లో కూడా వచ్చిన రోజు రాసినవి దాటేసి, ఆర్నెల్ల తర్వాత రాసినవి చదవండి.

ధర లెక్క

లెక్క కోసం ఒక ఉదాహరణ. 150 రూపాయల చాకు ఆర్నెల్లకి పారేస్తే ఏడాదికి 300. 400 రూపాయల చాకు ఐదేళ్ళు వస్తే ఏడాదికి 80. ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. దీనిలో దాగి ఉన్నదేమిటంటే, ఆ 150 రూపాయల చాకుని పారేయడానికి కారణం ఎక్కువసార్లు ఉక్కు కాదు, ఇంట్లో రాయి లేకపోవడం. అందుకే బడ్జెట్ 500 అయితే మొత్తం కత్తి మీద పెట్టకండి. రెండు వైపుల సానరాయి ఒకటి కొనండి, ఒకవైపు గరుకు, ఇంకోవైపు నున్నన. మిగిలినదానితో కత్తి కొనండి. రాయి ఉన్న ఇంట్లో మామూలు చాకు, రాయి లేని ఇంట్లోని ఖరీదైన చాకు కంటే బాగా తెగుతుంది.

సైకిల్ మీద చక్రం కట్టుకుని వీధిలోకి వచ్చే సాన అతన్ని మానేయమనడం లేదు. అంచు పూర్తిగా పోయిన పెద్ద కత్తులకి అతనే దిక్కు. పక్కన నిలబడి, "అన్నా, తడుపుతూ చెయ్యి, నీలం రాకూడదు" అని ఒక్క మాట చెప్పండి. వాళ్ళకి తెలుసు. తొందరలో మర్చిపోతారంతే.

ఇంటికి తెచ్చిన మొదటి వారం

మొదట వేడినీళ్ళు, సబ్బుతో కడిగి ఫ్యాక్టరీ నూనె వదిలించండి. కమ్మరి కత్తి అయితే నల్ల పొర ఉంటుంది, అంచు దగ్గర పోతే చాలు, మిగతాది ఉండనివ్వండి. అది తుప్పుని కొంత ఆపుతుంది.

తర్వాత, పదునుగానే ఉందనిపించినా సరే, రాయి మీద పెట్టండి. కొత్త కత్తికి షాపు అంచు తీసేసి మీ అంచు పెట్టుకున్నాకే అసలు ఉక్కు బయటపడుతుంది. రాయిని పావుగంట నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టుకోండి. కత్తిని ఎంత వాలుగా పట్టాలన్నదే అందరికీ టెన్షన్. రేకు వెడల్పు కొలవండి. దానిలో మూడో వంతు ఎత్తు వీపుని రాయి మీద నుంచి లేపితే సుమారు 20 డిగ్రీలు వస్తుంది. మూడు సెంటీమీటర్ల చాకుకి ఒక సెంటీమీటరు. వంటింటికి అది సరిపోతుంది. కొట్టే కత్తికి ఇంకాస్త నిలువుగా, ఐదు సెంటీమీటర్ల వెడల్పుకి రెండు సెంటీమీటర్ల పైచిలుకు. గరుకు వైపు ఒక పక్కే గీస్తూ పోండి. ఇంకో పక్క అంచు మీద వేలిని అడ్డంగా, అంచు నుంచి బయటికి లాగితే సన్నని గరుకు తగులుతుంది. మొన నుంచి పిడి దాకా అది తగిలేవరకు ఆపకండి. తర్వాత రెండో పక్క. ఆ తర్వాత నున్న వైపు, తేలిగ్గా, పక్క మార్చి మార్చి. ఆ గరుకు పోతే అంచు తేలినట్టు.

మొదటిసారి నాకు గంట పట్టింది, చాకు గీతలతో అసహ్యంగా తయారైంది. అయినా టమాటా తెగింది.

ఇక పరీక్ష. బాగా పండిన టమాటా మీద చాకు పెట్టి, నొక్కకుండా లాగండి. తొక్కలో దిగాలి. తర్వాత వారం రోజులు మామూలుగా వాడండి, చెక్క పీట మీదే, గ్రానైట్ గట్టు మీద వద్దు. వారం తర్వాత మళ్ళీ టమాటా. జారితే, స్టీల్ గరిట కాడ మీద నాలుగుసార్లు అటూ ఇటూ రాసి చూడండి. పదును తిరిగి వచ్చిందంటే అంచు ఒరిగిందే తప్ప పోలేదు, ఆ చాకు మీ డబ్బుకి న్యాయం చేసింది. రెండు రోజులకోసారి రాయి అడుగుతోందంటే ఉక్కు మెత్తన.

పెద్ద కత్తికి ముందు పచ్చి కొమ్మ మీద, తర్వాత ఎండు కొమ్మ మీద పదేసి దెబ్బలు కొట్టి, అంచుని వెలుతురులో చూడండి. సరుగుడు కర్ర మంచి పరీక్ష, ఎండితే రాయిలా ఉంటుంది. అంచు అలలా వంగితే మెత్తన, లేదా మరీ పలచగా గీశారు. ఇంకొంచెం నిలువు వాలుతో గీసి మళ్ళీ చూడండి. అర్ధచంద్రాకారంలో పెచ్చులు లేస్తే పెళుసు. బిల్లు ఉంటే తిరిగి ఇచ్చేయండి, కమ్మరిదైతే మళ్ళీ కాచమనండి.

మన ఉప్పు గాలి

విశాఖలో కత్తి తొందరగా చచ్చేది పనివల్ల కాదు, గాలివల్ల. సముద్రం పక్కన కార్బన్ ఉక్కు కత్తి తడిగా ఒక రాత్రి వదిలేస్తే పొద్దుటికి ఎర్ర పొడి. స్టెయిన్‌లెస్ కూడా చిన్న చిన్న గుంటలు పడుతుంది, ముఖ్యంగా చేప కోసి ఉప్పు నీళ్ళలో వదిలేస్తే. కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవడమే మందు. వంటింటి కత్తికి ఒక చుక్క కొబ్బరినూనె, షెడ్డులో ఉండే పెద్ద కత్తికి కుట్టుమిషను నూనె. తోలు తొడుగులో నెలల తరబడి పెట్టకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది.

కార్బన్ ఉక్కుతో అరటికాయ, వంకాయ కోస్తే ముక్కా నల్లబడుతుంది, కత్తీ నల్లబడుతుంది. విషమేమీ కాదు. కత్తి మీద ఆ బూడిద రంగు నిలిస్తే తుప్పు తగ్గుతుంది కూడా. మా ఇంట్లో మాత్రం గోంగూరకి వేరే స్టెయిన్‌లెస్ చాకు ఉంది, రంగు చూసి కూర వద్దనేవాళ్ళున్నారు కాబట్టి.

పెద్ద కత్తి కొని బస్సులోనో బండి మీదో తెచ్చుకునేటప్పుడు గోనెలో చుట్టి, బిల్లు దగ్గర పెట్టుకోండి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు రేకున్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకీ చేసిన కత్తులకి అందులో మినహాయింపు ఉంది. కానీ రాత్రి పదింటికి చెకింగ్ దగ్గర రంపం పళ్ళ నల్ల కత్తి బయటికి తీసి ఇది కొమ్మలకండీ అంటే ఎవరు నమ్ముతారు? మామూలు బొండాల కత్తికి ఆ బాధ తక్కువ.

రేకు అరిగి సగమైనా పర్వాలేదు, చాలామంది ఇళ్ళలో మంచి చాకు అలా అరిగినదే. పిడి మొదట్లో గీత లాంటి పగులు కనిపించిన రోజు మాత్రం పాత ఇనుము బండికి వేసేయండి. వేసే ముందు అంచుకి అట్టముక్క చుట్టి టేపు అంటించండి. బస్తాలో చెయ్యి పెట్టేది ఆ బండి అతనే.